ఒక్క డిష్ ఇప్పించండి: డీఎస్టీ, సర్వే ఆఫ్ ఇండియా, ఇస్రో పెద్దలకు ఒక సర్వేయర్ బహిరంగ లేఖ

డిపార్ట్‌మెంట్ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ కార్యదర్శి గారికి, సర్వేయర్ జనరల్ ఆఫ్ ఇండియా గారికి, ఇస్రో ఛైర్మన్ గారికి,

నమస్కారం.

నేను కోనసీమలో పనిచేసే సర్వేయర్‌ని. రోవర్ కర్ర, అంటే ఉపగ్రహాల సంకేతాలతో చోటు చెప్పే పరికరం బిగించిన కర్ర, పట్టుకుని పొలం గట్ల మీద తిరగడం నా పని. మీ ముగ్గురికీ కలిపి ఒకే ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, నేను అడగబోయేది మీలో ఏ ఒక్కరి పనీ కాదన్నట్టుగా ఇన్నేళ్ళూ ఉండిపోయింది. మన దేశానికి ఒక జియోడెటిక్ వీఎల్‌బీఐ స్టేషన్ కావాలి, అంటే ఆకాశంలోని దూరపు రేడియో మూలాల్ని విని భూమి తిరుగుడునీ, నేల మీద చోట్లనీ కొలిచే కేంద్రం. పన్నెండు, పదమూడు మీటర్ల వెడల్పున్న ఒక్క రేడియో డిష్, దాని పక్కన ఒక మంచి గడియారం. ఇంతే నేను అడిగేది. పొలాలు కొలిచేవాడికి ఆకాశంతో ఏం పని అని మీకు అనిపించవచ్చు, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

రీసర్వే జరుగుతున్న రోజుల్లో ఒక ఊళ్ళో ఇద్దరు అన్నదమ్ముల కొబ్బరితోటల మధ్య గట్టు కొలవాల్సి వచ్చింది. పాత ఎఫ్ఎంబీలో, అంటే పొలాల కొలతల పుస్తకంలో, కొలతలు లింకుల్లో ఉన్నాయి, వంద లింకుల గొలుసు ఈడ్చుకుంటూ ఎప్పుడో మా ముందుతరం వాళ్ళు కొలిచినవి. నేను రోవర్ నిలబెట్టి, ఫిక్స్ వచ్చేదాకా, అంటే చోటు కచ్చితంగా తేలేదాకా, ఆగి, పాయింట్ తీసుకుంటున్నాను. పెద్దాయన అప్పటిదాకా గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. లేచి వచ్చి, "ఏవండీ సర్వేయరుగారూ, గొలుసైతే మా కళ్ళ ముందే పడేది. ఈ కర్రకి లెక్క ఎవరు చెబుతున్నారండీ?" అని అడిగాడు. ఉపగ్రహాలు చెబుతాయి తాతగారూ అన్నాను. "మరి ఆ ఉపగ్రహం ఎక్కడుందో దానికెవరు చెబుతారండీ?" అన్నాడు. కింద నుంచి స్టేషన్లు చూసి చెబుతాయన్నాను. "ఆ స్టేషన్ ఎక్కడుందో?" అన్నాడు. ఉపగ్రహం చెబుతుంది అనబోయి ఆగిపోయాను. అలా చెబితే గుండ్రంగా తిరిగి మొదటికే వస్తుందని నాకూ తెలుసు, ఆయనకీ తెలిసిపోయింది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉండి ఆ ప్రశ్న నాకెప్పుడూ రాకపోవడం చాలా రోజులు బాధపెట్టింది. తర్వాత రాత్రుళ్ళు కూర్చుని చదువుకున్నాను. ఆ చదువులో దొరికిందే ఈ వీఎల్‌బీఐ, అంటే వెరీ లాంగ్ బేస్‌లైన్ ఇంటర్‌ఫెరోమెట్రీ.

నా రోవర్‌కి దిద్దుబాటు దగ్గర్లో ఉన్న కోర్స్ స్టేషన్ల నుంచి వస్తుంది, అవి ఒకే చోట ఉండి ఉపగ్రహాల్ని ఎప్పుడూ వింటూ ఉండే స్టేషన్లు. సర్వే ఆఫ్ ఇండియా అలాంటివి దేశమంతా వెయ్యికి పైగా పెట్టింది, చాలా గొప్ప పని, అందుకు మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. కోర్స్ స్టేషన్ తన చోటు తెలుసుకోవడానికి ఉపగ్రహాల కక్ష్యల లెక్క కావాలి. ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఉపగ్రహం తిరిగేది ఆకాశంలో, నక్షత్రాల నేపథ్యంలో. మనం నిలబడ్డ నేల దాని కింద గిర్రున తిరుగుతోంది. ఈ క్షణాన భూమి సరిగ్గా ఎంత కోణం తిరిగి ఉందో తెలిస్తేనే ఆకాశంలో ఉన్న లెక్కని నేల మీదకి దింపగలం. భూమధ్యరేఖ దగ్గర నేల సెకనుకి 465 మీటర్ల వేగంతో పోతోంది. అంటే భూమి తిరుగుడు లెక్కలో సెకనులో వెయ్యో వంతు తేడా పడితే నేల మీద 46 సెంటీమీటర్లు తప్పు. మా కోనసీమ అక్షాంశంలో 44 అనుకోండి. పక్కనే ఉన్న కోర్స్‌తో పోల్చుకుని గట్టు కొలుస్తాం కాబట్టి ఈ తప్పు మా పొలంలో అక్కడికక్కడే కొట్టుకుపోతుంది, నిజమే. కానీ ఆ కోర్స్ స్టేషన్ కోఆర్డినేట్లు, దేశంలోని కొలతలన్నిటినీ కలిపే ఒకే చట్రం, ఉపగ్రహం కొలిచే సముద్రమట్టం, ఇవన్నీ ఆ కోణం మీదే నిలబడి ఉన్నాయి.

మరి భూమి గడియారంలా కచ్చితంగా తిరుగుతుందా అంటే తిరగదు. గాలులు మారితే, సముద్ర ప్రవాహాలు మారితే, లోపల కరిగిన ఇనుము కదిలితే రోజు పొడవు మారిపోతుంది. 2022 జూన్ 29న భూమి తన చుట్టు 24 గంటల కంటే 1.59 మిల్లీసెకన్లు ముందే పూర్తి చేసింది. ఎల్‌నినో సంవత్సరాల్లో రోజు కాస్త సాగుతుంది. ముందే పక్కాగా లెక్కగట్టి పెట్టుకోవడానికి వీలుకాదు, రోజూ కొలవాల్సిందే.

జీపీఎస్‌తోనే కొలిచేయవచ్చు కదా అని నేనూ అనుకున్నాను. కుదరదు. మా దగ్గర సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి గోదావరి మీద పంటు నడుస్తుంది. పంటు మీద నిలబడి పక్కన పోయే పడవని మాత్రమే చూస్తూ ఉంటే మనం ముందుకి జరిగామో, అది వెనక్కి జరిగిందో చెప్పలేం. ఒడ్డు మీద తాటిచెట్టుని చూస్తే ఇట్టే తెలుస్తుంది. ఉపగ్రహాలు పక్కన పోయే పడవలు. వాటి కక్ష్యల తలం మెల్లమెల్లగా తనంతట తానే జరుగుతూ ఉంటుంది. అది జరిగిందో, కింద భూమి కాస్త ఎక్కువ తిరిగిందో ఉపగ్రహాలనే చూసి విడదీసి చెప్పలేం. రోజు పొడవులో చిన్న చిన్న మార్పులు అవి పట్టుకుంటాయి గానీ, మొత్తం కోణం ఎంత అంటే చేతులెత్తేస్తాయి. దానికి కదలని తాటిచెట్టు కావాలి.

ఆ తాటిచెట్లే క్వాజార్లు. దూరపు గెలాక్సీల నడిబొడ్డున, బ్రహ్మాండమైన బ్లాక్‌హోల్స్ చుట్టూ మండే వెలుగులు. వాటిలో మొదట గుర్తించిన 3సీ 273 కన్యారాశి వైపు, సుమారు 240 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. 1963లో మార్టిన్ ష్మిట్ దాని దూరాన్ని పట్టుకున్నాడు. అంత దూరాన ఉన్నవి ఎంత వేగంగా కదిలినా మన కంటికి కదిలినట్టే ఉండదు. 2018లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఆమోదించి, 2019 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన ఆకాశ చట్రం, ఐసీఆర్ఎఫ్-3 అంటారు, అందులో 4,536 ఇలాంటి రేడియో మూలాలున్నాయి. వాటిలో 303 మూలాల మీద చట్రం అంతా నిలబడుతుంది. మా భాషలో చెప్పాలంటే అవి ఆకాశానికి పాతిన 303 సరిహద్దు రాళ్ళు. ఈ మాట చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు సార్. మనిషి ఆకాశానికి కూడా రాళ్ళు పాతాడు!

వాటిని చూసే పద్ధతి ఇంకా గొప్పది. క్వాజార్ నుంచి వచ్చేది పాట కాదు, మాట కాదు, ఒట్టి రేడియో రొద. ఆ రొద వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు డిష్‌లకి ఒకేసారి చేరదు. ఒకదానికి కాస్త ముందు, ఇంకోదానికి కాస్త ఆలస్యం. ప్రతి డిష్ దగ్గరా హైడ్రోజన్ మేజర్ అనే అణు గడియారం ఉంటుంది, అది టిక్కుటిక్కుకీ సమయం ముద్ర వేస్తూ ఆ రొదని హార్డ్ డిస్కుల్లోకి ఎక్కిస్తుంది. రెండు చోట్ల డిస్కులూ ఒక చోటికి చేరుస్తారు, కొరియర్‌లోనో ఫైబర్ లైన్ మీదో. అక్కడ కోరిలేటర్ అనే కంప్యూటర్ రెండు రొదల్నీ పక్కపక్కన పెట్టి, ఒకదాన్ని కొంచెం కొంచెంగా జరుపుతూ ఎక్కడ రెండూ సరిగ్గా అతుక్కుంటాయో వెతుకుతుంది. ఎంత జరిపితే అతికిందో అదే ఆలస్యం. ఆ ఆలస్యాన్ని కాంతి వేగంతో గుణిస్తే దూరం వస్తుంది. కొలిచేది పికోసెకన్లలో, అంటే సెకనులో లక్ష కోట్లవ వంతుల్లో. ఒక పికోసెకనులో కాంతి పోయేది మూడింట ఒక వంతు మిల్లీమీటరు కూడా ఉండదు. ఇలా ఎన్నో క్వాజార్లని ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ పోతే, ఆ రెండు డిష్‌ల మధ్య దూరం, భూమి ఆ సమయానికి తిరిగి ఉన్న కోణం, ధ్రువం కదిలిన తీరు, అన్నీ ఆ లెక్కలోంచి బయటికి వస్తాయి. మధ్యలో అయనోస్ఫియర్, అంటే పై గాలిలోని విద్యుదావేశపు పొర, చేసే అల్లరిని విడదీయడానికి 2.3, 8.4 గిగాహెర్ట్జ్ దగ్గర రెండు బ్యాండ్లలో ఒకేసారి వినడం పాత పద్ధతి. కొత్త పద్ధతిని వీజీఓఎస్ అంటున్నారు, అందులో 2 నుంచి 14 గిగాహెర్ట్జ్ దాకా వింటారు. డిష్ చిన్నది, కానీ చురుకు. సెకనుకి 12 డిగ్రీలు తిరుగుతుంది, అంటే ఆకాశంలో ఈ దిక్కు చూసి పదిహేను సెకన్లలో వెనక దిక్కుకి తిరిగిపోతుంది. లక్ష్యం ఒక మిల్లీమీటరు.

మొదటిసారి ఈ ఉపాయం పారింది 1967లో. ఆ ఏడాది ఏప్రిల్‌లో కెనడాలో పెంటిక్టన్‌కీ అల్గాన్‌క్విన్‌కీ మధ్య 3,074 కిలోమీటర్ల దూరంలో రెండు డిష్‌లు ఒకే క్వాజార్ రొదని విని, రికార్డ్ చేసి, కలిపి చూపించాయి. ఇరవై ఏళ్ళు గడిచేసరికి ఇదే పద్ధతి అమెరికాలో వెస్ట్‌ఫర్డ్‌కీ స్వీడన్‌లో ఆన్సాలాకీ మధ్య దూరం ఏడాదికి దాదాపు 17 మిల్లీమీటర్లు పెరుగుతోందని నేరుగా కొలిచి చెప్పింది. ఖండాలు కదులుతున్నాయని అప్పటిదాకా రాళ్ళ ఆధారంగా ఊహించినదాన్ని గజం బద్దతో కొలిచినట్టు కొలిచారు. 2010 ఫిబ్రవరి 27న చిలీలో 8.8 తీవ్రతతో భూకంపం వస్తే, కాన్సెప్సియన్ ఊళ్ళో ఉన్న వీఎల్‌బీఐ స్టేషన్ పడమరకి సుమారు మూడు మీటర్లు జరిగిపోయింది. ఒక ఊరు ఊరంతా ఒక్క రాత్రిలో మూడు మీటర్లు! మా పనిలో మూడు మీటర్లంటే ఎన్ని గట్టు తగాదాలో ఆలోచించండి.

ఇప్పుడు రోజూ జరుగుతున్నది చెబుతాను. హవాయి దీవుల్లో కోకీ పార్క్ అనే చోట ఒక డిష్, జర్మనీలో వెట్‌జెల్ అనే ఊళ్ళో ఒక డిష్, పది వేల కిలోమీటర్లు పైబడిన దూరంలో, రోజుకి ఒక గంట పాటు ఒకే క్వాజార్లని చూస్తాయి. భూమి తిరుగుడు కోణం ఆ గంటలో కొలుస్తారు. ఇవి కాక ఎన్నో స్టేషన్లు కలిసి వారంలో రెండు సార్లు, ఒక్కోసారి 24 గంటల పాటు చూస్తాయి. ఇదంతా 1999లో మొదలైన ఇంటర్నేషనల్ వీఎల్‌బీఐ సర్వీస్ కింద సాగుతోంది, దేశదేశాల సంస్థలు ఎవరి ఖర్చు వాళ్ళు పెట్టుకుని, ఫలితం అందరికీ ఉచితంగా ఇస్తున్నాయి. జీపీఎస్ లాంటి మన సొంత నావిక్ ఉపగ్రహాల లెక్కకి, మన ఫోన్లో మ్యాప్‌కి, నా రోవర్‌కి, ఆ అన్నదమ్ముల కొబ్బరితోట గట్టుకి కూడా ఆ ఫలితం చేరుతోంది. పెద్దాయన ప్రశ్నకి జవాబు అదన్నమాట.

ఆ సర్వీస్ స్టేషన్ల మ్యాప్ చూశాను. మీరూ ఒకసారి చూడండి. దక్షిణాఫ్రికాలో హార్టెబీస్ట్‌హుక్ ఉంది. ఆస్ట్రేలియా పడమటి అంచున యారగడీ, ఉత్తరాన కేథరిన్ ఉన్నాయి. చైనాలో ఉరుమ్చీ, కున్మింగ్, షాంఘై ఉన్నాయి. వీటన్నిటి మధ్యలో హిందూ మహాసముద్రం, దాని నెత్తిన మన దేశం, అక్కడంతా ఖాళీ. మన దేశాన్ని మోసే భూపలక, ఇండియన్ ప్లేట్ మీద ఒక్క స్టేషన్ లేదు. భూమి మీద చురుగ్గా కదులుతూ, హిమాలయాల్ని పైకి నెడుతూ ఉన్న ప్లేట్ ఇది. హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ ప్రాంగణంలోని జీపీఎస్ స్టేషన్ ఏడాదికి సుమారు అయిదు సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతోంది. అంటే ఇరవై ఏళ్ళకి ఒక మీటరు. అందుకే మేం ఇచ్చే ప్రతి కోఆర్డినేట్‌కీ ఏ తేదీ నాటిదో రాసి ఉండాలి, చాలా రికార్డుల్లో అది ఉండటం లేదు, అది వేరే ఉత్తరానికి సరిపడా సంగతి. ఇంత కదిలే ప్లేట్‌ని క్వాజార్లతో నేరుగా ముడిపెట్టే రాయి ఒక్కటి కూడా మనం పాతలేదు.

నెట్‌వర్క్‌లో ఒక చోట ఖాళీ ఉంటే ఏమవుతుందో లోకం ఇంతకుముందే చూసింది. 2008లో హార్టెబీస్ట్‌హుక్‌లోని 26 మీటర్ల డిష్ బేరింగ్ పాడైపోయింది. నాసా 1961లో అంతరిక్ష నౌకలతో మాట్లాడటానికి కట్టిన పాత డిష్ అది. బాగుచేసి మళ్ళీ నడిపించేసరికి 2010 వచ్చింది. అన్నాళ్ళూ ఆఫ్రికా ఖండం వైపు నుంచి చూసే కన్ను మూతపడింది. వాళ్ళు చేసిన పని నాకు నచ్చింది: వేరే అవసరానికి నమూనాగా కట్టిన 15 మీటర్ల డిష్‌ని మార్చుకుని ఈ పనికి పెట్టుకున్నారు. కాన్సెప్సియన్ స్టేషన్ సంగతి కూడా చూడండి, జర్మనీ వాళ్ళ పరికరాలు, చిలీ విశ్వవిద్యాలయం స్థలం, మనుషులు. 2015లో దాన్నే అర్జెంటీనాకి తీసుకెళ్ళి లా ప్లాటా దగ్గర పెట్టారు. డబ్బున్న దేశాలే చెయ్యాలనే రూలేమీ లేదు.

ఇక సముద్రం. నేను ఉండేది డెల్టాలో కాబట్టి ఈ విషయంలో నాకు టెన్షన్ ఎక్కువ. అంతర్వేది వైపు, అటు ఉప్పాడ వైపు కెరటం ఏటేటా లోపలికి వస్తోంది. గోదావరి తెచ్చే ఒండ్రు ఆనకట్టల వెనక ఆగిపోతోంది, డెల్టా నేల తన బరువుకి తనే అణిగి దిగుతోంది, మరోపక్క ప్రపంచమంతటా సముద్రమట్టం ఏడాదికి మూడు నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతోంది. మా ఊరి దగ్గర నేల ఎంత దిగింది, నీరు ఎంత లేచింది అని విడదీసి చెప్పాలంటే రెండింటినీ ఒకే చట్రంలో కొలవాలి. విశాఖ రేవులో టైడ్ గేజ్ ఉంది, కానీ అది నేలకి బిగించిన కొలబద్ద, నేలతో పాటే అదీ కదులుతుంది. ఆకాశం నుంచి చూసే ఉపగ్రహానికి భూమి చట్రం ఎంత గట్టిదైతే లెక్క అంత గట్టిది. ఆ చట్రం స్కేలు, అంటే భూమి సైజు లెక్క, వీఎల్‌బీఐ నుంచీ ఉపగ్రహాలకి లేజర్ కొట్టి కొలిచే పద్ధతి నుంచీ వస్తుంది. స్కేలులో వంద కోట్లలో ఒక వంతు తప్పు ఉంటే నేల ఎత్తు 6.4 మిల్లీమీటర్లు తేడా వస్తుంది. రెండేళ్ళ సముద్ర పెరుగుదల అందులో దాక్కుపోతుంది. కరకట్ట ఎంత ఎత్తు కట్టాలి, ఏ ఊరిని ముందు ఖాళీ చేయించాలి అనే నిర్ణయాలు ఈ మిల్లీమీటర్ల మీద నడుస్తాయి. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2015 ఫిబ్రవరి 26న భూగోళానికంతటికీ ఒకే జియోడెటిక్ చట్రం కావాలని, దేశాలు అందుకు చేతులు కలపాలని తీర్మానం చేసింది ఊరికే కాదు.

మీ ఆఫీసుల్లో వచ్చే అభ్యంతరాలు నాకు కొంత ఊహకి అందుతున్నాయి. మనకి జీఎంఆర్టీ రేడియో టెలిస్కోప్ ఉంది కదా అంటారు. గోవింద్ స్వరూప్ గారు నారాయణగావ్ దగ్గర కట్టించిన 30 డిష్‌లు, ఒక్కోటీ 45 మీటర్లు, తక్కువ ఖర్చుతో తీగల వల పరిచి చేసిన ఆ ఉపాయం దేశానికే గర్వకారణం. కానీ అవి వినేది 1.45 గిగాహెర్ట్జ్ లోపు, ఈ పనికి కావలసింది 2 నుంచి 14. ఊటీ టెలిస్కోప్ సంగతీ అంతే. దాని పని వేరు. బెంగళూరు దగ్గర బ్యాలాలులో ఇస్రో 32 మీటర్ల డిష్ మాత్రం ఎస్, ఎక్స్ బ్యాండ్లలో, అంటే సుమారు 2, 8 గిగాహెర్ట్జ్ దగ్గర, పనిచేస్తుంది, చంద్రయాన్-1 కోసం దాన్ని కట్టింది మన హైదరాబాద్ ఈసీఐఎల్. నాసా వాళ్ళు తమ డీప్ స్పేస్ డిష్‌లనే క్వాజార్ల స్థానాలు కొలవడానికి కూడా వాడుతున్నారు, ఐసీఆర్ఎఫ్-3లో వాటి కొలతలున్నాయి. ఎందుకంటే దూరాన పోయే నౌక ఎక్కడుందో తెలుసుకోవడానికి నౌకని ఒకసారి, పక్కనే ఉన్న క్వాజార్‌ని ఒకసారి మార్చి మార్చి చూస్తారు. క్వాజార్ చోటు తప్పైతే నౌక చోటూ తప్పవుతుంది. రేపు మనం అంగారకుడి మీద దిగాలన్నా, శుక్రుడి చుట్టూ తిరగాలన్నా ఈ లెక్క మన చేతిలో ఉంటే మంచిదే కదా. మీకు తీరిక ఉన్న రోజుల్లో బ్యాలాలు డిష్‌తో కొన్ని అంతర్జాతీయ సెషన్లలో పాల్గొనడం సాధ్యమేమో ఇస్రో వాళ్ళు పరిశీలించండి. కొత్త డిష్ వచ్చేలోపు మన పిల్లలు చెయ్యి తిరగడానికి అది చాలు. కానీ అది తాత్కాలికమే, నౌకలతో మాట్లాడే డిష్‌ని రోజూ ఈ పనికి అడగడం న్యాయం కాదు.

డబ్బు లేదనే మాట నేను ఒప్పుకోలేను. ఎస్‌కేఏ రేడియో టెలిస్కోప్‌లో చేరడానికి కేంద్రం 2024 జనవరిలో 1,250 కోట్లు ఒప్పుకుంది, హింగోలిలో గురుత్వ తరంగాల్ని పట్టే లైగో కోసం 2023లో 2,600 కోట్లు ఒప్పుకుంది. రెండూ మంచి నిర్ణయాలే, సంతోషించాను. ఆ స్థాయి ఖర్చు చేయగల దేశం ఒక్క పదమూడు మీటర్ల డిష్ పెట్టలేదా?

అసలు అడ్డంకి నాకు కనపడేది ఒకటే. జియోడెసీ సర్వే ఆఫ్ ఇండియాది, డిష్‌లు ఇస్రోవి, రేడియో ఖగోళం అణుశక్తి శాఖ కింద ఉన్న టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్‌ది, సముద్రమట్టం హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌ని చూసే భూవిజ్ఞాన శాఖది, స్పెక్ట్రమ్ టెలికాం శాఖది. అయిదు ఇళ్ళ మధ్య ఉమ్మడి బావి లాంటిది ఇది, పూడిక తియ్యాలంటే ఎవరూ ముందుకి రారు. కాన్పూర్ ఐఐటీలో జాతీయ జియోడెసీ కేంద్రం పెట్టారు, వాళ్ళకి చదువు ఉంది. వాళ్ళ వెనక ఒక శాఖ పేరు, ఒక బడ్జెట్ లైను, ఒక బాధ్యుడైన అధికారి నిలబడాలి. ముందు ఇది తేల్చండి.

స్పెక్ట్రమ్ విషయంలో ఆలస్యం చేస్తే తర్వాత విచారించి లాభం ఉండదు. వీజీఓఎస్ వినే 2 నుంచి 14 గిగాహెర్ట్జ్ మధ్యలోనే మన 5జీ 3.3 దగ్గర నుంచి నడుస్తోంది, ఉపగ్రహ ఇంటర్నెట్ 10.7 నుంచి 12.7 మధ్య కిందకి కురుస్తోంది. క్వాజార్ రొద వీటి ముందు చీమ అడుగు చప్పుడు. కొండల మధ్య, టవర్లకి దూరంగా, చుట్టూ కొంత మేర రేడియో నిశ్శబ్దం ఉండేలా స్థలం ఇప్పుడే గుర్తించి కాపాడాలి. కోనసీమలో పెట్టమని నేను అడగను. మా నేల ఒండ్రు, ఏటా దిగుతుంది, మిల్లీమీటరు కొలిచే పరికరానికి పనికిరాదు. దక్కన్ గ్రానైట్ మీద పెట్టండి, అది తెలంగాణ అయినా, రాయలసీమ అయినా, కర్ణాటక అయినా నాకు ఒకటే. రాయి గట్టిగా ఉండాలి, కరెంటు, ఫైబర్ ఉండాలి, పక్కనే జీపీఎస్ స్తంభం, వీలైతే లేజర్ స్టేషన్ ఉండాలి. ఇంకో సంగతి, మన రుతుపవనాల గాలిలో ఉండే తేమ రేడియో అలని పదుల సెంటీమీటర్ల మేర ఆలస్యం చేస్తుంది. అన్ని దిక్కులూ చకచకా చూసే డిష్ ఆ తేమని కూడా లెక్కకట్టి చూపిస్తుంది, వాతావరణం వాళ్ళకీ అది పనికొస్తుంది. ఉష్ణమండలంలో స్టేషన్లు అసలే తక్కువ కాబట్టి మనం ఇచ్చే ప్రతి కొలతకీ విలువ ఎక్కువ.

సర్వేయర్ జనరల్ గారికి ప్రత్యేకంగా ఒక మాట. ఈ పద్ధతి పేరులోనే బేస్‌లైన్, అంటే రెండు చోట్ల మధ్య కచ్చితంగా కొలిచే గీత, ఉంది. మన సర్వే పుట్టిందే బేస్‌లైన్‌తో. 1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర వంద అడుగుల ఉక్కు గొలుసుతో ఏడున్నర మైళ్ళ బేస్‌లైన్ కొలవడం మొదలుపెట్టాడు. 1862లో మన విశాఖపట్నం దగ్గర కూడా ఒకటి కొలిచారు. ఆ గొలుసులు మోసినవాళ్ళ, ఎండలో జెండాలు పట్టుకున్నవాళ్ళ పేర్లు చాలావరకు ఎక్కడా లేవు, వాళ్ళలో మా జిల్లాల వాళ్ళూ ఉండే ఉంటారు. భూమి ఆకారాన్ని కొలవడంలో అప్పట్లో ఈ గడ్డ లోకానికి దారి చూపించింది. మనం ఏటా ఏప్రిల్ 10న జాతీయ సర్వే దినోత్సవం జరుపుకుంటున్నది ఆ రోజు గుర్తుగానే. 2019లో సరిగ్గా అదే ఏప్రిల్ 10న, ఇదే వీఎల్‌బీఐ పద్ధతితో ఖండాల మీద పరిచిన డిష్‌లు కలిసి తీసిన మొట్టమొదటి బ్లాక్‌హోల్ చిత్రాన్ని ప్రపంచానికి చూపించారు. ఏడున్నర మైళ్ళ బేస్‌లైన్‌తో మనం మొదలుపెట్టాం, పది వేల కిలోమీటర్ల బేస్‌లైన్ల దగ్గర మనం లేం. ఇది నాకు నిజంగా కష్టంగా ఉంది.

వచ్చే ఏప్రిల్ 10న ఈ ఫైలు ఏ శాఖదో, బాధ్యులెవరో ప్రకటించండి. ఇంకేమీ ప్రకటించకపోయినా పర్వాలేదు. ఆ తర్వాత స్థలం చూసే రోజు వస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి: డిష్ నిలబెట్టాక దాని ఇరుసు కేంద్రానికీ, పక్కనున్న జీపీఎస్ స్తంభానికీ మధ్య దూరాన్ని మిల్లీమీటరు లోపు కొలవాలి, లోకల్ టై అంటారు దాన్ని. అది లేకపోతే రెండు పరికరాల లెక్కలూ కలవవు. ఆ పని ఆకాశం నుంచి జరగదు, నేల మీద కోణాలు, దూరాలు కొలిచే టోటల్ స్టేషన్ పెట్టి, ప్రిజంలు బిగించి, చుట్టూ స్తంభాలు పాతి మనుషులే చెయ్యాలి. అది మా వృత్తి. ఉప్పల్‌లో మీ శిక్షణా సంస్థ ఉంది, అక్కడ నేర్పించండి, నేర్చుకోవడానికి నేను సొంత ఖర్చులతో వస్తాను, డిష్ ఏ ఊళ్ళో పెట్టినా కొలతకి సెలవు పెట్టుకుని వస్తాను, నాతో రావడానికి మా డివిజన్‌లో ఇంకో నలుగురు ఉన్నారు.

భవదీయుడు,
ఒక సర్వేయర్,
కోనసీమ